ఆట ఉన్న రోజే కడుపునొప్పి

ప్రశ్న: అమ్మా, నమస్కారం. మాది ఉమ్మడి చిత్తూరు జిల్లాలో ఒక పల్లె. మా ఆయన టమాటా మండీకి ఆటో తోలతారు, నేను కూలికి పోతాను. మా పెద్దపాపకు పదహారేళ్లు. ఆరో తరగతిలో హాకీ మొదలుపెట్టింది, ఇప్పుడు హాస్టల్లో ఉండి ఆడతా ఉంది. గోల్‌కీపరు. మా జిల్లా నుంచే రజని ఇండియాకు ఆడింది కదా, అందుకని అందరూ మా పాపను 'చిన్న రజని' అంటారు. కిట్టు కోసం మా ఆయన నలభై వేలు వడ్డీకి తెచ్చినారు. రైల్వేలో ఉద్యోగం ఖాయమని చుట్టాలందరికీ చెప్పుకున్నారు. రెండు నెలల కింద రాష్ట్ర పోటీల్లో సెమీఫైనల్ షూటౌట్ దాకా పోయింది. మా పాప మీద మూడు గోల్స్ పడినాయి, జట్టు ఓడిపోయింది. ఎవరో ఫోన్లో తీసిన ఆ వీడియో మా ఆయన దగ్గర ఉంది. ఇంటికి ఎవరొచ్చినా చూపించి, 'ఇదో ఇక్కడ కుడిపక్కకు పడుంటే ఆగిపోయేది' అంటారు. పాప పక్కనే ఉంటుంది. అప్పట్నించి ఆట ఉన్న రోజు పొద్దున కడుపునొప్పి అంటుంది, వాంతి చేసుకుంటుంది. ఆట లేని రోజు ఏమీ ఉండదు. అన్నం సరిగా తినదు. మూడు నెలలుగా నెలసరి రాలేదు. సెలవులకు ఇంటికొచ్చిన రోజే కిట్టు బ్యాగు మంచం కిందికి తోసేసింది, ఇంతవరకు జిప్పు తీయలేదు. వచ్చే నెల మళ్లీ సెలక్షన్స్ ఉన్నాయి. మాన్పిద్దామంటే 'ఇంత దూరం వచ్చి ఇప్పుడా' అంటారు మా ఆయన. పంపిద్దామంటే నాకు భయంగా ఉంది. ఏం చేయమంటారు?

ఒక తల్లి

జవాబు: అమ్మా, మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి షూటౌట్ దగ్గర ఆగిపోయాను, ఒకప్పుడు నేనూ గోల్‌కీపర్‌నే కాబట్టి. రెండోసారి నెలసరి మాట దగ్గర. మూడోసారి మంచం కింద బ్యాగు దగ్గర. వీటిలో ముందు చూడాల్సింది నెలసరి సంగతి. మిగతావి పది రోజులు ఆగినా ఫరవాలేదు, ఇది ఆగకూడదు.

ఈ వారంలోనే పాపను ఆడడాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. ప్రభుత్వాసుపత్రి అయినా చాలు. పొద్దునా సాయంత్రం ఒళ్లు హూనమయ్యేలా ప్రాక్టీసు చేస్తూ, దానికి తగ్గట్టు తినకపోతే ఒంట్లో సత్తువ చాలక నెలసరి ఆగిపోతుంది. దిగులుకూ ఆగిపోతుంది. 'ఆటలాడే ఆడపిల్లలకు ఇది మామూలే' అని గ్రౌండ్లో అనేవాళ్లు ఉంటారు, వాళ్ల మాట పట్టించుకోకండి. నెలల తరబడి ఇలాగే సాగితే ఎముకలు బలహీనపడతాయి. రోజూ వంద సార్లు నేల మీద పడి లేచే పిల్లకు అదెంత ముప్పో మీకు చెప్పనక్కర్లేదు. రక్తం ఎంత ఉందో పరీక్ష చేయించండి. డాక్టరు అడిగే ప్రశ్నల్లో కొన్ని మీకు ఇబ్బందిగా అనిపించవచ్చు, అడగనివ్వండి. కాసేపు పాపను డాక్టరుతో ఒంటరిగా మాట్లాడనిచ్చి మీరు బయట కూర్చోండి.

ఇంకో మాట. హాస్టల్లో గానీ, గ్రౌండ్లో గానీ ఎవరైనా మాటతోనో చేత్తోనో ఇబ్బంది పెడుతున్నారా అని నెమ్మదిగా అడగండి. అలాంటిది జరిగిందని నేననడం లేదు. కానీ ఓడిపోయిందని దిగులు పడుతోందని మనమే తేల్చేసుకుంటే, వేరే కారణం ఉన్నా పాప నోరు విప్పదు. అవసరమైతే 1098కు ఫోన్ చేయండి, ఆ నంబరు పిల్లల కోసమే ఉంది.

ఇక కడుపునొప్పి. ఆట లేని రోజు రావడం లేదు కాబట్టి నాటకమేమో అని మీ ఇంట్లో ఎవరో అనే ఉంటారు. నాటకం కాదు. భయం వేసినప్పుడు మన కడుపు ముందు మెలిపడుతుంది. పరీక్ష రోజు పొద్దున ఎంతమంది పిల్లలు ఇడ్లీ ముట్టకుండా వెళ్లిపోతారో చూడండి. మీ పాపకు వచ్చే నొప్పి నిజంగానే నొప్పి. దాని గురించి ఆమెతో వాదించకండి. 'ఎక్కడ నొప్పి, ఎంతసేపు ఉంది' అని అడిగి, కాస్త వేడినీళ్లిచ్చి, పక్కన కూర్చోండి.

ఇప్పుడు ఆ షూటౌట్ సంగతి. దీని గురించి కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే మీ ఇంట్లో జరుగుతున్నదంతా ఆ వీడియో చుట్టూనే తిరుగుతోంది.

మా రోజుల్లో షూటౌట్ లేదు. మ్యాచ్ సమమైతే పెనాల్టీ స్ట్రోకులు వేయించేవాళ్లు. గోల్‌కు ఆరు మీటర్ల పైచిలుకు దూరంలో బంతి పెట్టి కొట్టడమే. ఇప్పటిది వేరు. ఎదుటి జట్టు అమ్మాయి 23 మీటర్ల గీత దగ్గర బంతితో బయలుదేరుతుంది. ఆమెకు 8 సెకన్ల టైము. కుడికి తిప్పవచ్చు, ఎడమకు తిప్పవచ్చు, వెనక్కి లాగి మళ్లీ తోయవచ్చు. గోల్‌లో ఒక్కతే ఉంటుంది కీపర్. ముందుకు ఉరకాలా, ఆగాలా, ఎప్పుడు పడాలి అని ఆ 8 సెకన్లలోనే తేల్చుకోవాలి. వెనక ఉన్న గోల్ 3.66 మీటర్ల వెడల్పు, 2.14 మీటర్ల ఎత్తు. మీ ఇంటి ముందు ముగ్గు వేసే చోట ఆరడుగులు అటూ ఇటూ కొలిచి, మీ ఆయన్ను మధ్యలో నిలబెట్టి చూడండి. ఫోన్లో చూసేవాళ్లకు బంతి ఎటు పోయిందో ముందే తెలుసు. పాపకు తెలియదు. 'కుడిపక్కకు పడుంటే' అనే మాట ఆట అయిపోయాక మాత్రమే అనగలిగిన మాట.

షూటౌట్‌లో ఒక్కో జట్టుకు ఐదుగురు వస్తారు. ఐదుగురూ వచ్చి మూడే గోల్స్ పడ్డాయంటే, రెండు పడలేదన్నమాట. ఆ రెండింట్లో ఎన్ని పాప ఆపింది? మీ ఉత్తరంలో ఆ సంగతి లేదు. మీ ఆయన ఆ ముక్క ఎవరికీ చూపించి ఉండరు. మన జట్టు పిల్లలు అవతలి గోల్‌లో ఎన్ని వేయలేకపోయారో, ఆ లెక్క కూడా ఎవరూ తీసి ఉండరు. హాకీలో ఫార్వర్డ్ పది అవకాశాలు పోగొట్టుకుని ఒక గోల్ వేస్తే పూలదండ వేస్తారు. కీపర్ పది ఆపి ఒకటి వదిలితే ఆ ఒకటే గుర్తుంటుంది. ఇది చాలా అన్యాయమైన స్థానం, అమ్మా. పదహారేళ్ల పిల్ల దాన్ని కోరి ఎంచుకుందంటే ఆ పిల్ల గుండె మామూలుది కాదు.

ఈ అన్యాయం ఎంత దూరం పోగలదో మన దేశం ఒకసారి చూసింది. 1982 ఢిల్లీ ఆసియా క్రీడల ఫైనల్లో పాకిస్తాన్ చేతిలో మనవాళ్లు 1-7తో ఓడిపోయారు. గోల్‌లో ఉన్నది మీర్ రంజన్ నేగి. ఏడు గోల్స్ పడ్డాయంటే మిగతా పదిమందిని దాటుకుని బంతి ఏడుసార్లు లోపలికి వచ్చిందనే కదా అర్థం. కానీ నింద మొత్తం ఆ ఒక్కడి మీదే పడింది. అమ్ముడుపోయాడన్నారు, దేశద్రోహి అన్నారు. ఆ మాటలు మోస్తూ ఏళ్లపాటు బతికాడాయన. 1998లో బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో మన జట్టు స్వర్ణం గెలిచినప్పుడు గోల్‌కీపర్లకు శిక్షణ ఇచ్చింది ఆయనే. పదహారేళ్లు పట్టింది. సరిగ్గా మీ పాప వయసంత.

'చిన్న రజని' అనే పేరు గురించి. ప్రేమతోనే అంటున్నారు, కాదనను. రజని ఊరు యెనుములవారిపల్లె. అలాంటి ఊరి నుంచి భారత జట్టు దాకా వెళ్లడం చిన్న సంగతి కాదు, ఆ పేరు చెప్పుకుని ఊళ్లు గర్వపడాల్సిందే. కానీ రజని ఆట జీవితం ఎలా సాగిందో అలా పిలిచేవాళ్లలో ఎంతమందికి తెలుసు? చాలా ఏళ్లపాటు ఆమె జట్టులో రెండో గోల్‌కీపర్. మొదటి కీపర్‌గా సవితా పూనియా ఉండేది. హాకీలో గోల్ ముందు నిలబడేది ఒక్కరే. రెండో కీపర్ రోజూ అంతే కష్టపడాలి, అన్నే బంతులు ఆపాలి, అదే క్యాంపులో అదే తిండి తినాలి, మ్యాచ్ రోజు మాత్రం బెంచీ మీద కూర్చోవాలి. పిలుపు వస్తే ఆ నిమిషాన సిద్ధంగా ఉండాలి. పురుషుల జట్టు గోల్‌కీపర్ శ్రీజేశ్‌దీ మొదట్లో అదే కథ. 2006లోనే భారత జట్టులోకి వచ్చినా, గోల్ తనదని ధీమాగా నిలబడే రోజు కోసం ఏళ్లు ఎదురుచూశాడు. 2024 పారిస్‌లో కాంస్యంతో ఆట ముగించేసరికి అతనికి 36 ఏళ్లు. గోల్‌కీపర్లు ఆలస్యంగా పండుతారు. మీ పాపకు పదహారు. ఆ పేరు పెట్టి పిలిచేవాళ్లు రజని కొండ ఎక్కాక తీసిన ఫొటో చూపించి, మెట్ల దగ్గరే ఉన్న పిల్లను 'నువ్వింకా అక్కడే ఉన్నావేం' అని అడుగుతున్నారు.

ఎవరైనా అలా పిలిస్తే మీరు నవ్వుతూనే పాప అసలు పేరు చెప్పండి. ప్రతిసారీ చెప్పండి. నాలుగుసార్లు చెబితే ఐదోసారి వాళ్లే మానేస్తారు.

శ్రీజేశ్ పేరు వచ్చింది కాబట్టి ఆవు సంగతి కూడా చెప్పాలి. కొడుక్కి గోల్‌కీపింగ్ కిట్టు కొనడానికి వాళ్ల నాన్న ఆవును అమ్మేశారు. నిజంగా జరిగిన సంగతే, గొప్ప తండ్రి. ముప్ఫై ఏళ్లు నేను పీఈటీగా పనిచేశాను, ఎన్నో టోర్నమెంట్ల ప్రారంభోత్సవాల్లో కూర్చున్నాను. వేదిక మీది పెద్దలకు ఇలాంటి కథలంటే ప్రాణం. అమ్మిన ఆవు, కుదువపెట్టిన గొలుసు, పస్తులున్న తల్లి. వింటున్నప్పుడు పెద్దవాళ్ల కళ్లు చెమరుస్తాయి. నేను మాత్రం కింద వరుసల్లో నిలబడ్డ పిల్లల ముఖాలు చూసేదాన్ని. వాళ్లకు ఆ కథ వేరేలా వినబడుతుంది. 'నీకోసం ఆవును అమ్మారు, గుర్తుందా?' అని వినబడుతుంది. గోల్ పడ్డ ప్రతిసారీ ఆవు గుర్తొస్తే ఆ పిల్ల ఎలా ఆడుతుంది?

మీ పాపకు ఆవు బదులు నలభై వేలు. పడ్డ గోల్స్‌తో పాటు ఆ వడ్డీ కూడా లెక్క వేసుకుంటూ ఉంటుంది. ఆ ప్యాడ్లు కట్టుకున్న ప్రతిసారీ అప్పును కాళ్లకు కట్టుకుంటోంది. పాప ఆటకు అలిసిపోలేదని నా నమ్మకం. అలిసిపోయింది ఈ మోతకు. మీ ఇంటి అప్పు, రాబోయే ఉద్యోగం, చుట్టాల ముందు పరువు, ఊరి పేరు, అన్నీ ఒక బ్యాగులో సర్ది ఆ పిల్ల భుజానికి తగిలించారు. అందుకే బ్యాగు మంచం కిందికి పోయింది.

నా సంగతి ఒకటి చెబుతాను. పందొమ్మిదేళ్లప్పుడు ఒక టోర్నమెంటు ఫైనల్లో స్ట్రోకుల మీద ఓడిపోయాం. తిరుగు ప్రయాణంలో మా కోచ్ నన్ను బస్సులో ముందుకు పిలిచి, డ్రైవరు పక్కన నిలబెట్టి, ఆ టోర్నమెంటులో నా మీద పడ్డ గోల్స్‌ను ఒకటి, రెండు అంటూ పైకి లెక్కపెట్టించారు. పదకొండు. బస్సు నిండా పిల్లలు. ఎవరూ నవ్వలేదు, అది ఇంకా ఘోరంగా అనిపించింది. ఇంటికొచ్చి రెండేళ్లు స్టిక్ ముట్టుకోలేదు. ఎందుకని అమ్మానాన్నలు అడిగారు, చదువుకుంటానని చెప్పాను. వాళ్లు సంతోషించారు కూడా.

అంతటి నేను, పీఈటీ అయ్యాక ఏడో ఏట, జిల్లా పోటీలో ఒక పిల్ల సులువైన బంతి వదిలేస్తే, అందరి ముందు 'నీకన్నా గోల్‌పోస్ట్ నయం, కనీసం అది రెండు ఆపింది' అన్నాను. నోరు జారింది అనుకోకండి, కావాలనే అన్నాను. ఆ కోపం ఆ పిల్ల మీదది కాదని, నా స్కూలుకు షీల్డు పోయినందుకని నాకు అప్పుడే తెలుసు. ఆ పిల్ల మరుసటి సోమవారం గ్రౌండుకు రాలేదు. తర్వాత కూడా రాలేదు. ఇప్పుడెక్కడుందో నాకు తెలియదు. ఈ శీర్షికలో ఎన్నో ఉత్తరాలకు జవాబులు రాశాను, పిల్లల ఆట గురించి వచ్చినప్పుడల్లా ఆ పిల్లకే రాస్తున్నట్టుంటుంది.

ఇప్పుడు కొన్ని మాటలు మీ ఆయనతో నేరుగా మాట్లాడతాను, ఈ భాగం ఆయనకు చదివి వినిపించండి.

తమ్ముడూ, మీరు పాపను ప్రేమించడం లేదని ఎవరూ అనరు. నలభై వేలు వడ్డీకి తేవడమంటే ఆటో తోలేవాడికి ఎన్ని రాత్రుల నిద్రో నాకు తెలుసు. మండీలో ధర లేక రైతులు టమాటా రోడ్డు పక్కన పారబోసిన రోజులు మీరు కళ్లారా చూసి ఉంటారు. ఆ రైతు దగ్గరికి వెళ్లి, 'నిన్న తెచ్చుంటే ధర ఉండేదే' అని ఎవరైనా అంటే మీరు ఊరుకుంటారా? అతను కాయ బాగా పండించలేదా? నీళ్లు పెట్టలేదా? మీ పాప కూడా అంతే. పండించాల్సింది పండించింది. ఆ రోజు ధర పలకలేదు.

ఆ వీడియో ఇక ఎవరికీ చూపించకండి. పాప ముందు కూర్చుని దాన్ని చెరిపేయడం లాంటివి వద్దు, అది మరో పెద్ద సంగతి అయిపోతుంది. ఊరికే చూపించడం మానేయండి. ఎవరైనా అడిగితే 'అయిపోయిన ఆట గదా' అనండి. పాప వింటుంది.

అప్పు సంగతి మాత్రం ఒక్కసారి, ఒకే ఒక్కసారి, మీ నోటితో మీరే చెప్పాలి. అమ్మ చెబితే సరిపోదు. 'ఆ డబ్బు నేను తెచ్చుకున్నా, నేనే తీరుస్తా. నువ్వు ఆడినా తీరుస్తా, మానినా తీరుస్తా' అని. చెప్పాక మళ్లీ ఆ మాట ఎత్తకండి. ఆ తర్వాత వడ్డీ కట్టే రోజు ఇంట్లో విసుక్కుంటే చెప్పినదంతా నీళ్లపాలే.

రైల్వే ఉద్యోగం గురించి నిజం మాట్లాడుకుందాం. స్పోర్ట్స్ కోటా ఉంది, హాకీ ఆడే ఆడపిల్లలకు రైల్వే పెద్ద దిక్కు, అది నిజం. అయితే ఏ స్థాయి టోర్నమెంటులో ఆడారు, ఎన్నో స్థానంలో నిలిచారు, చదువెంత, ట్రయల్స్‌లో ఎలా ఆడారు, ఆ ఏడాది ఆ స్థానానికి ఖాళీ ఉందా, ఇవన్నీ కలిసి రావాలి. అన్ని జట్లకూ ప్రతి ఏడాదీ గోల్‌కీపర్ అక్కర్లేదు. కాబట్టి 'ఖాయం' అనే మాట వాడకండి. 2024లో హాకీ ఇండియా లీగ్ వేలంలో హర్మన్‌ప్రీత్ సింగ్‌కు 78 లక్షలు పలికిందని పేపర్లో చదివి, మనవాళ్లు ఇంటింటా లెక్కలు వేసుకుంటున్నారు. అప్పటికి అతను భారత జట్టు కెప్టెన్. ఆ అంకెను పదహారేళ్ల పిల్ల పక్కన పెట్టి చూడకూడదు. పాప ఇంటర్ మంచి మార్కులతో పూర్తిచేస్తే, ఆ సర్టిఫికెట్ ఏ సెలక్షన్ కమిటీ చేతుల్లోనూ ఉండదు. దాని మీద ఆశ పెట్టుకోండి, అది మీ చేతిలో ఉన్నది.

అమ్మా, మళ్లీ మీతో.

వచ్చే నెల సెలక్షన్స్‌కు పంపాలా వద్దా అన్నారు. నా మాట సూటిగా చెబుతాను: ఈసారికి వద్దు. నెలసరి ఆగి, తిండి తగ్గి ఉన్న పిల్లను ట్రయల్స్‌కు నిలబెట్టకూడదు. డాక్టరు సరేనన్నాకే గ్రౌండు. కోచ్‌కు 'ఒంట్లో బాగాలేదు' అని చెప్పండి, అది అబద్ధమేమీ కాదు. ఒక సెలక్షన్ పోతే ఏదీ మునిగిపోదు. సబ్ జూనియర్ దాటినా జూనియర్స్ ఉంది, 19 ఏళ్ల లోపు దాకా. ఆ తర్వాత సీనియర్స్ ఉంది. దానికి వయసు హద్దే లేదు.

అలాగని ఆట మాన్పించేయకండి కూడా. 'మానేస్తావా, ఆడతావా' అని ఇప్పుడు అడిగితే పాప ఏం చెప్పినా అది పాప మాట కాదు. మానేస్తానంటే భయం మాట్లాడినట్టు, ఆడతానంటే అప్పు మాట్లాడినట్టు. మూడు వారాలు ఇంట్లో హాకీ ఊసే ఎత్తకండి. తననే ఎత్తనివ్వండి. పొద్దున లేవగానే రాగిజావో, సంగటో, గుడ్డో, ఏదో ఒకటి కడుపులో పడేలా చూడండి. చెల్లెలితో, స్నేహితురాళ్లతో తిరగనివ్వండి. రాత్రి నిద్ర పట్టక ఏడుస్తుంటే, లేదా 'నేను లేకపోతే బాగుండు' లాంటి మాట ఒక్కటి వినబడినా, ఆలస్యం చేయకుండా 14416కు ఫోన్ చేయండి. అది ప్రభుత్వం నడిపే టెలీ మానస్, డబ్బులు పడవు, తెలుగులోనే మాట్లాడతారు. మీరు చేసినా సరే, పాప చేసినా సరే. సిగ్గుపడాల్సిన పనేమీ లేదు. పారిస్ ఒలింపిక్స్‌కు వెళ్లిన మన పురుషుల జట్టుకు మనసు దిటవు చేయడానికే ప్యాడీ అప్టన్ అనే కోచ్‌ను పెట్టారు. ముప్ఫై దాటిన, వందల మ్యాచ్‌లు ఆడిన వాళ్లకే ఆ అండ అవసరమైంది. పల్లె నుంచి వచ్చి హాస్టల్లో ఉంటున్న పిల్లకు అలాంటివాళ్లు ఒక్కరూ లేరు.

ఈ ఒత్తిడి మీ ఇంట్లో మాత్రమే పుట్టింది కాదు, అదీ చెప్పాలి. 1928 నుంచి 1980 దాకా మన పురుషులు ఒలింపిక్స్‌లో ఎనిమిది స్వర్ణాలు గెలిచారు. ఆ తర్వాత టోక్యోలో కాంస్యం వచ్చేదాకా 41 ఏళ్లు ఒక్క పతకమూ లేదు. ఆ ఎనిమిది స్వర్ణాల పేరు చెప్పి ప్రతి ఆగస్టు 29న, జాతీయ క్రీడాదినం నాడు, స్టిక్ పట్టిన ప్రతి పిల్లకూ ఉపన్యాసం ఇస్తాం. మన ఆడపిల్లలు రియోలో ఆఖరి స్థానంలో ఉన్నారు. టోక్యోలో మొదటి మూడు మ్యాచ్‌లూ ఓడిపోయారు, నెదర్లాండ్స్ మీద 1-5తో సహా. ఆ తర్వాత ఐర్లాండ్‌నూ, దక్షిణాఫ్రికానూ, క్వార్టర్స్‌లో ఆస్ట్రేలియానూ ఓడించారు. దక్షిణాఫ్రికా మీద వందనా కటారియా మూడు గోల్స్ వేసింది. సెమీస్‌లో అర్జెంటీనా చేతిలో ఓడిన రోజు, హరిద్వార్ దగ్గర ఆమె ఇంటి ముందు కొందరు టపాకాయలు కాల్చి, కులం పేరుతో తిట్టారు. మూడు గోల్స్ వేసి అప్పటికి నాలుగు రోజులే అయింది. బయటి లోకం ఇలాగే ఉంటుంది, దాన్ని మీరూ నేనూ మార్చలేం. అందుకే ఇల్లు ఇంకోలా ఉండాలి.

పాప తనంతట తాను హాకీ మాట ఎత్తితే, అప్పుడు మీరిద్దరూ కలిసి హాస్టల్‌కు వెళ్లి కోచ్‌తో మాట్లాడండి. చేతులు కట్టుకుని నిలబడక్కర్లేదు, కూర్చుని మాట్లాడండి. అడగాల్సినవి: కొన్ని మ్యాచ్‌లు రెండో కీపర్‌తో ఆడించగలరా? షూటౌట్ ప్రాక్టీసు వారానికి ఎన్నిసార్లు చేయిస్తున్నారు? చాలాచోట్ల కీపర్‌కు విడిగా నేర్పేవాళ్లే ఉండరు, ఫార్వర్డ్‌లు కొడుతుంటే ఆపడమే ఆమె ప్రాక్టీసు. నేర్పని విద్యలో ఓడిపోయిందని తిట్టడం ఏం న్యాయం? మ్యాచ్ అయిపోయాక మాట్లాడేది ఉంటే మరునాడు, పక్కకు పిలిచి మాట్లాడమనండి. మంచి కోచ్ అయితే ఈ మాటలకు కోపం తెచ్చుకోడు. తెచ్చుకున్నాడంటే అదీ మీకు తెలియాల్సిన సంగతే.

ఆడనని తేల్చి చెబితే, సరే అనండి. 'అయ్యో ఇన్నేళ్లు' అనకండి. ఆరో తరగతి నుంచి పొద్దున్నే లేచి, దెబ్బలు తిని, ఇంటికి దూరంగా బతకడం నేర్చుకున్న పిల్ల ఎక్కడికి వెళ్లినా తట్టుకుంటుంది.

ఆడతానంటే, పాపకు నా తరఫున ఒక్క మాట చెప్పండి, కీపర్ నుంచి కీపర్‌కు. గోల్ పడ్డాక నేను ఒక పని చేసేదాన్ని. బంతిని వెనక్కి తోసేసి, వంగి, ఎడమకాలి ప్యాడ్ కింది పట్టీ విప్పి మళ్లీ కట్టుకునేదాన్ని. అది వదులైనా కాకపోయినా. మూడు సెకన్లు పట్టేది. పట్టీ బిగిసేసరికి ఆ గోల్ అయిపోయినట్టు. లేచి నిలబడి ఎదుటి డీ వైపు, అంటే అవతలి గోల్ ముందుండే అర్ధవృత్తం వైపు, చూసేదాన్ని. పాప తనకంటూ అలాంటిదొకటి వెతుక్కోవచ్చు, పట్టీయే కానక్కర్లేదు. నాకది రెండేళ్లు ఆట మానేసి తిరిగొచ్చాక దొరికింది.

ఈలోగా మంచం కింద బ్యాగు బయటికి లాగండి. పాప చూడనప్పుడు కాదు, దొంగతనంగానూ కాదు, మామూలుగా ఇల్లు ఊడుస్తూ లాగినట్టే. జిప్పు తీసి ప్యాడ్లూ, పాదాలకు కట్టే కిక్కర్లూ, చెస్ట్ గార్డూ నీడపట్టున గాలికి ఆరబెట్టండి. చెమటతో మూసి పెడితే లోపలి ఫోమ్ బూజు పట్టి పాడైపోతుంది, ఎండలో ఎక్కువసేపు ఉంచినా బిరుసెక్కుతుంది. గ్లవ్స్ లోపలికి పాత పేపరు ఉండలు చుట్టి పెడితే వాసన పోతుంది. పాప మళ్లీ వేసుకుంటే తనకే, లేదంటే హాస్టల్లో కిట్టు లేక ఆగిపోయిన ఇంకో పిల్లకు ఉంటాయి. డాక్టరు ఏమన్నారో నాకు రాయండి.